వెనక చక్రానికి ఆనించిన రాయి

డ్రైవర్ బాబాయ్ పోయారు. మూడు వారాలైంది. రహమత్ నగర్‌లో, తమ ఇంట్లో, నిద్రలోనే.

కబురు వచ్చేసరికి నేను బండిలో ఉన్నాను. ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీ హిల్స్‌లో డబ్బింగ్ థియేటర్‌కు వెళ్తున్నాను. ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగాక బండిని ఎడమ పక్కకు తీసి, ఆపి, గేరులో వదిలి, హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగి వెళ్ళి వెనక చక్రానికి రాయి ఆనించి, అప్పుడు ఫోన్ తీశాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. "అమ్మా, మన డ్రైవర్ పెద్దాయన ఇగ లేడమ్మా. పొద్దుగాల చాయ్ ఇద్దామని లేపితే లేవలేదంట" అన్నాడు. ఎత్తు రోడ్డు మీద ఫోన్ తీసే ముందు ఇవన్నీ చెయ్యాలని నాకు నేర్పింది బాబాయే. ఆయన పోయిన కబురు కూడా ఆయన నేర్పిన వరసలోనే విన్నాను.

ఆయన గురించి రాయాలని కూర్చున్నది మెచ్చుకోవడానికి మాత్రమే కాదు. ఏడాదిగా ఆయన కుడికాలు ఈడ్చుకుంటూ నడిచారు. పనిచేసే బంగళా గేటు దగ్గర నున్నటి మెట్టు మీద జారిపడ్డానని ఇంట్లో చెప్పారు, బంగళాలోనూ చెప్పారు. అది అబద్ధం. ఆ కాలి మీదికి ఎక్కింది నా బండి. ఆ సంగతి ఆయన భార్యకు చెప్పకుండా ఏడాది గడిపాను. ఆయన శవం ముందు కూర్చుని కూడా చెప్పలేకపోయాను.

నోరు లేనిదాన్నా అంటే, నోరే నా బతుకుతెరువు. నేను డబ్బింగ్ చెప్తాను. హీరోయిన్లకు కాదు లెండి. హీరోయిన్ స్నేహితురాళ్ళకు, వదినలకు, గోడ మీంచి తొంగిచూసే పక్కింటావిడలకు. అన్నిటికంటే ఎక్కువగా అరుపులు. తెర మీద ఎవరైనా దెయ్యాన్ని చూసినా, మేడ మీంచి పడినా, ఆ కేక నన్ను పిలిచి వేయిస్తారు. అరుపుల్లో నాకు మంచి పేరుంది. ఇంట్లో ఇంకా పెద్ద పేరుందని మా ఆయన అంటారు.

బండి కొన్నది నేనే. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. దాని స్కూలు ఒక మూల, నా థియేటర్లు ఒక మూల. మా వీధి ఎత్తు చూసి ఆటోవాళ్ళు కిందే దింపేసి పొమ్మనేవాళ్ళు. రోజూ ఆ ఎత్తు ఎక్కీ ఎక్కీ నాకు విసుగొచ్చి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి ఒక చిన్న ఎర్ర కారు చూసి వచ్చాను. పాతదే. వెనక డిక్కీ కోసేసినట్టు పొట్టిగా, ముద్దుగా ఉంది. "లేడీ డాక్టర్ గారి బండి మేడమ్, ఇంటికీ క్లినిక్‌కీ తప్ప తిరగలేదు" అన్నాడు అమ్మినవాడు. నేను నమ్మాను. డైలాగ్ ఎంత బాగా చెప్తే అంత నమ్మే జబ్బు నాకు ముందు నుంచీ ఉంది.

బండిని మా వీధిలోకి తెచ్చిన రోజు ఎదురు బంగళా గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో బాబాయ్ కూర్చుని ఉన్నారు. ఆ బంగళావాళ్ళకు ఆయన ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవరు. అంతకు ముందు షూటింగ్ యూనిట్లలో వ్యాన్లు నడిపారట. అప్పటిదాకా ఆయనకూ నాకూ ఉన్నది ఒక నవ్వు పరిచయం. లేచి వచ్చి, "జర చూడొచ్చా అమ్మా మీ బండి?" అని అడిగారు.

చూడటం అంటే ఆయన కళ్ళతో చూడరు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగారు, అరచెయ్యి రేకు మీద ఆనించుకుంటూ. బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజన్ వేయమన్నారు. తల పక్కకు వంచి విన్నారు. తర్వాత తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని గోటితో లాగి చూపించారు. ఎరుపు కింద పసుపు. పసుపు కింద తెలుపు. చాప పరుచుకుని బండి కింద దూరి, లేచి బట్టలు దులుపుకుంటూ అన్నారు.

"గిది డాక్టరమ్మ బండి కాదమ్మా. గిది యాక్టర్. సినిమాలల్ల చేసింది. కింద కెమెరా బిగిచ్చిన బొక్కలున్నయ్."

నాకు ఒళ్ళు పులకరించిపోయింది! నా బండి నాకంటే సీనియర్ ఆర్టిస్టన్నమాట. ఆ సాయంత్రం తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఈ ఊళ్ళో, ఈ పరిశ్రమలో తిండి తినేవాళ్ళే చేసే తప్పు అది. బయటివాళ్ళెవరైనా అమ్మినవాడి మీదికి తగువుకు పోయేవాళ్ళు. నేను మురిసిపోయాను.

బాబాయ్ మురవలేదు. "చేసినందుకు కాదమ్మా ఫికర్. ఏం ఏషం ఏసిందో తెల్వాలె కదా" అన్నారు. హ్యాండ్‌బ్రేక్ పైకంటా లాగి, గేరు తీసి, వెనక నుంచి ఒక్క చేత్తో తోశారు. కదలకూడని బండి కదిలింది.

"సీనుల బండి సర్రున జారాలంటే గీ బ్రేకు వైరు ఇప్పుతరు. షూటింగ్ అయినంక ఎట్లనో గట్ల ముడేసి ఇడిసిపెట్టిన్రు. మీ ఈదికి గీ బ్రేకు లేకుంటే నడవది."

యూసుఫ్‌గూడ మెకానిక్ చూసి, ఈ బండి తయారీ ఆగిపోయింది, ఆ వైరు వేరే ఊరి నుంచి తెప్పించాలి, పది రోజులు పడుతుందన్నాడు. పది రోజులూ బండిని కదపొద్దంటే నేనెక్కడ వింటాను? బాబాయ్‌కి అది నా మొహంలోనే కనబడింది. రోడ్డు పక్కన గులకరాళ్ళ కుప్పలోంచి పిడికిలంత రాయి ఏరి తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండే షరతులు. బండి ఆపిన ప్రతిసారీ గేరులో వదిలి, దిగి, వెనక చక్రానికి రాయి పెట్టాలి. వైరు వచ్చేదాకా పాపను ఎక్కించకూడదు.

"కొన్నవ్ గనీ, ఇంకా నీది కాలే" అన్నారు. అదే మొదటిసారి ఆయన నన్ను నువ్వు అనడం. మరుసటి రోజు నుంచి మీరు అన్న మాటే లేదు.

బంగళావాళ్ళు నిద్ర లేచేలోపు, రోజూ పొద్దున ఆరింటి నుంచి ఏడింటిదాకా నేర్పేవారు. లైసెన్సు నాకుంది. చదును రోడ్డు మీద సంపాదించిన లైసెన్సు అది. ఫిల్మ్ నగర్ ఎత్తుల్లో అది కాగితమే. చెప్పులు విప్పించేవారు, పెడలు సంగతి కాలికి తెలియాలని. "బండికి మాటలు రావు. గందుకే చప్పుడు చేస్తది. ఇను" అనేవారు. వినేదాన్ని. రెండో గేరులో గొణుగుతుంది. ఎడమకు తిప్పితే టక్కుమంటుంది. వర్షం పడిన పొద్దున మూడుసార్లు బతిమాలించుకుని గానీ లేవదు. చెవులతో బతికేదాన్ని కదా, ఆ ఒక్క విషయంలో నన్ను మెచ్చుకున్నారు.

మిగతా అన్నిటికీ చీవాట్లే. మూడో రోజు ఎత్తు మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. వెనక ఇసుక టిప్పర్. వాడు హారన్ మీంచి చెయ్యి తీయడు. బ్రేకు మీంచి కాలు తీస్తే వెనక్కి పోయి వాడికి తగులుతాను, తీయకపోతే కదలను. "దిగిపోతాను బాబాయ్, మీరు తీయండి" అన్నాను, ఏడుపు గొంతుతో.

"దిగితే బండి ఆగుతదా? ఆడు మొత్తుకోనీ. ఆనికి హారనే ఉన్నది, నీకు కాళ్ళున్నయ్. క్లచ్ మెల్లగ ఇడువు. ఇంకా. ఇంకా. బండి ముక్కు లేస్తది చూడు, అప్పుడు ఇడువు బ్రేకు."

ముక్కు లేచింది. బండి ముందుకు కదిలింది.

వెనక్కి తీయడం నేర్పేటప్పుడు ఆయన బండి వెనక నిలబడి డిక్కీ మీద అరచేత్తో తట్టేవారు. రెండు తట్లు తడితే రావాలి. ఒక్క తట్టుకు ఆగాలి. అద్దాలు చూడు, కానీ నా చెయ్యి నమ్ము అనేవారు. ఎనిమిది రోజుల డ్రైవరు వెనక, కొండవాలు మీద, చేత్తో తడుతూ నిలబడటానికి ఎంత గుండె ఉండాలో నాకప్పుడు తట్టలేదు.

ఇక నా తప్పు. ఎనిమిదో రోజు జూబ్లీ హిల్స్‌లో థియేటర్ ముందు బండి ఆపి, వంగి రాయి పెడుతుంటే నాతో డబ్బింగ్ చెప్పే అమ్మాయి చూసింది. "ఏంటక్కా ఇది, లారీకి పెట్టినట్టు రాయేంటి! దిష్టికా?" అని పగలబడి నవ్వింది. చుట్టూ పెద్దపెద్ద కార్లు, వాటి పక్కన తెల్ల చొక్కాల డ్రైవర్లు. వాళ్ళూ నవ్వారు. నా మొహం మాడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ రాయిని అక్కడే పూలకుండీల వెనక్కి విసిరేసి వచ్చాను.

మర్నాడు పొద్దున బాబాయ్ అడిగారు, "రాయేది?" అని.

"డిక్కీలో ఉంది బాబాయ్" అన్నాను. ఎంత సహజంగా చెప్పానో! నమ్మారు.

ఆ రోజే, గంటన్నర తర్వాత, పాప స్కూలు ఆటో రాలేదు. దానికి పరీక్ష. నాకు థియేటర్‌లో టైము. వైరు రేపు వస్తుందని మెకానిక్ చెప్పాడు, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. బండిని గేటు ముందుకు తెచ్చి, పాపను వెనక సీట్లో కూర్చోబెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, దాని పరీక్ష అట్ట పైనే మర్చిపోయామని. ఎండ. పాపకు ఉక్కపోస్తుందని ఇంజన్, ఏసీ అలాగే వదిలాను. ఇంజన్ నడుస్తుంటే గేరులో వదల్లేం కదా, న్యూట్రల్‌లో వదిలాను. హ్యాండ్‌బ్రేక్ మాత్రం పైకంటా లాగాను. మూడో అంతస్తుకు పరిగెత్తాలని గేటు లోపల కాలు పెట్టాను.

వెనక కంకర నలిగిన చప్పుడైంది. ఆయన వినమన్న చప్పుళ్ళలో అదొకటి. తిరిగి చూశాను. బండి కదులుతోంది. చాలా మెల్లగా, వెనక్కి. వెనక సీట్లో పాప కిటికీకి అరచెయ్యి ఆనించి నన్నే చూస్తోంది. వీధి చివర పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మీద ఆ వేళకు బస్సులు, టిప్పర్లు.

నేను అరవలేదు. నా నోరు తెరిచే ఉంది, నాకు తెలుసు. అందులోంచి ఏమీ రాలేదు. ఎవరెవరి కోసమో ఎన్ని కేకలు వేశానో, నా బిడ్డ పోతుంటే ఒక్కటి కూడా రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది.

ఎదురు గేటులో బాబాయ్ బంగళా కారు కడుగుతున్నారు. నేను పిలవలేదు. ఆయనకూ కంకర చప్పుడే వినిపించిందట. చేతిలో బకెట్ వెనక చక్రం కిందికి విసిరారు. అది పటపటా పగిలిపోయింది. కూర్చుని కార్లు కడిగే చెక్కపీట లాక్కుని పరిగెత్తి చక్రం కింద దూర్చి కాలితో తన్నిపట్టారు. చక్రం పీట ఎక్కి, పీట మీంచి ఆయన పాదం మీదికి ఎక్కి, ఆగింది. కారు కడిగేటప్పుడు ఆయన కాళ్ళకు చెప్పులుండవు.

"ముందు గేరెయ్!" అని అరిచారు. "గేరేసినంక ఏడువు."

పరిగెత్తి ఎక్కి, ఆయన కాలి మీంచి బండిని అంగుళం ముందుకు తీసి, ఇంజన్ ఆపి, గేరు వేశాను. పాప తలుపు తీసుకుని దిగి, "అమ్మా, నువ్వు లేకుండానే వెళ్ళిపోతోందేంటి?" అని అడిగింది. దానికి ఒక్క గీత కూడా పడలేదు. బాబాయ్ నేల మీద కూర్చుని కాలికి తడి తువ్వాలు చుట్టుకుంటున్నారు.

నేను ఫోన్ తీసి అంబులెన్సుకు చేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "బండి ఉంది కదా. తోలు."

"ఈ బండా? నా వల్ల కాదు బాబాయ్."

"ఇయ్యాల తోలకుంటే ఇంకెన్నడూ తోలవు నువ్వు."

ఎడమ సీట్లో ఆయన, వెనక పాప, దాన్ని ఎవరికైనా అప్పజెప్పే తెలివి కూడా లేని నేను. ఆ వాలు దిగుతుంటే ఆయన మొహం బూడిదరంగుకు తిరిగింది, గొంతు మాత్రం మారలేదు. "రెండో గేరు. బ్రేకు మీదనే పండుకోకు. గేరే ఆపుతది. మలుపు. హారన్ కొట్టు. మంచిగ తోలుతున్నవ్." ఎర్రగడ్డలో ఎముకల ఆసుపత్రి దాకా ఒక్కసారి కూడా ఇంజన్ ఆగలేదు. ఆసుపత్రి గేటు ముందు ఆపాక, దిగే ముందు ఆయన డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి అన్నారు, "ఇగ నీదైంది బండి."

మడమ దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టించుకుంటూనే చెప్పారు, ఎవరికీ చెప్పొద్దని. పని మానుకుని ఎదురింటి బండి వెనకాల పడ్డాడని బంగళాలో అంటారు, అదొకటి. "ఇంట్ల తెలిస్తే మా ఆమె నిన్ను అంటది. అంటే నువ్వు భయపడి బండి మూల పెడ్తవ్. పిల్లను మళ్ళ ఆటోల తోలుతవ్. నేను కాలు పెట్టింది గందుకేనా?" అన్నారు. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే, ఊపడం నాకు సులువు కూడా.

బంగళావాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నెల రోజులు చూశారు. తర్వాత, పెద్దవాడివయ్యావు, విశ్రాంతి తీసుకో అన్నారు. కొత్త డ్రైవరు వచ్చాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం అలా పోయింది, నా రాయి పూలకుండీల వెనక ఉండగా. రాయి విసిరేశానని, డిక్కీలో ఉందని అబద్ధమాడానని ఆయనకు ఆసుపత్రిలోనే చెప్పి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కట్టు విప్పాక మొదటి ఆదివారం కుంటుకుంటూ మా వీధికి వచ్చారు. చేతిలో సంచీ. సంచీలో రుబ్బురోలు పొత్రం, విరిగిన సగం ముక్క. నల్లగా నున్నగా, విరిగిన వైపు చదునుగా, చక్రం కిందికి చేసిపెట్టినట్టే ఉంది. "మొదటిది రోడ్డు మీది రాయి, ఇసిరేసినవ్. గిది ఇంట్లది. గిది ఇసిరెయ్య బుద్ధి కాదు" అన్నారు. అప్పటికి కొత్త వైరు వేయించాం, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా పట్టేది. అయినా సరే పెట్టమన్నారు. ప్రతి ఆదివారం వచ్చి, బండి చుట్టూ ఒకసారి అరచెయ్యి ఆనించుకుంటూ తిరిగి, నా చేతి టీ తాగి వెళ్ళేవారు. పాప ఆయన కుంటి నడకను అనుకరిస్తే నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

చనిపోయిన రోజు వెళ్ళాను. జనం. ఆయన భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడకు నేను ఆదివారాలు టీ ఇచ్చే అమ్మగానే తెలుసు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మొన్న ఆదివారం, కర్మ అయ్యాక, మళ్ళీ వెళ్ళాను. పాపను తీసుకుని. రహమత్ నగర్‌లో వాళ్ళ గల్లీ మా వీధికంటే నిటారు. రెండు పక్కలా బైకులు, నీళ్ళ డ్రమ్ములు. పైన గోడ అడ్డం, బండి తిప్పుకునే చోటు లేదు. వాళ్ళ గుమ్మం ముందు ఆపి, దిగి, పొత్రం ముక్క చక్రానికి ఆనించి తలెత్తాను. గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. నన్ను కాదు, రాయిని చూస్తోంది.

"గీ పొత్రం నీ తాన ఎట్లున్నది? ఏడాది సంది ఎతుకుతున్న."

చెప్పేశాను. నిలబడే చెప్పాను. పూలకుండీల దగ్గర నుంచి గేరు దాకా, ఒక్కటి దాచకుండా. చెప్తున్నంతసేపూ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"ఏడాది సంది ఎందుకు చెప్పలే?"

"ఆయనే వద్దన్నారమ్మా."

"ఆయన వద్దంటడు. ఆయన అన్నిటికీ గట్లనే అంటడు. నీకు నోరు లేదా? మాట్లాడుడే కదా నీ పని?"

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఎండలో నిలబడ్డాను. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. కాసేపటికి ఆవిడే బయటికి వచ్చి, బండి దగ్గరికి నడిచి, కిటికీలోంచి పాపను చూసింది. చాలాసేపు చూసింది.

"గీ బిడ్డేనా?"

"అవునమ్మా."

పాప తలుపు తీసి దిగబోతే వద్దని, లోపలికి చెయ్యి పెట్టి దాని గడ్డం పట్టుకుంది. తర్వాత నాతో, "ఎక్కు" అంది. "వెనకకే పోవాలె ఈడికెల్లి. గేరు వెయ్యి, బ్రేకు తొక్కు, నేను రాయి తీస్త."

"వద్దమ్మా, మీరు వెనక నిలబడొద్దు. నేను తీసుకుంటాను."

"ఎక్కమన్న కదా."

ఎక్కాను. బ్రేకు నేలకంటా తొక్కిపట్టాను. ఆవిడ వంగి రాయి తీసింది. రెండు చేతుల్లో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తీసుకుపోతుందనుకున్నాను, తీసుకుపోవలసిందే అనుకున్నాను. వెనక తలుపు తీసి దాన్ని పాప కాళ్ళ దగ్గర పెట్టి, కొంగుతో ఒకసారి తుడిచి, తలుపు వేసింది. వెళ్ళి బండి వెనక నిలబడింది. అద్దంలో ఆవిడ తెల్ల చీర అంచు తప్ప ఏమీ కనబడలేదు. ఈ బండి వెనక, ఈ వాలు మీద, ఆయన మనిషి.

డిక్కీ మీద రెండు తట్లు వినిపించాయి.

బ్రేకు మీంచి కాలు మెల్లగా వదిలాను.